మూడో ప్లస్

హెలెన్ పదిహేనేళ్లుగా నర్సు. పెళ్లిళ్లలో కూడా ఆమె కళ్లు చీరల మీద కాదు, పెద్దవాళ్ల కాళ్ల మీద ఉంటాయి. వాపు కనిపిస్తే చాలు, బొటనవేలితో నొక్కి, పడ్డ గుంట పూడేదాకా లెక్కపెడుతుంది. వెంటనే పూడితే ఒక ప్లస్. పదిహేను సెకన్ల లోపు పూడితే రెండు, నిమిషం లోపైతే మూడు, ఆ పైన నాలుగు. గుంటే పడకపోతే సున్నా.

రెండు నెలలుగా ఆ లెక్క కన్నతల్లికే పెడుతోంది. సిల్తారా ఇనుము ఫ్యాక్టరీల పొగ ముప్పై ఏళ్లు పీల్చిన దీనమ్మ ఊపిరితిత్తులు బిగుసుకుపోయాయి. వాటిలోకి రక్తం తోసీ తోసీ గుండె కుడిపక్క అలిసిపోయింది. ఎడమపక్క అలిస్తే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కుడిపక్కయితే కాళ్లలో, పొట్టలో చేరుతుంది, మెడ నరం ఉబ్బుతుంది. మూడు ప్లస్సులొస్తే ఆ రోజే అడ్మిట్ చెయ్యాలని, ఆలస్యమైతే దక్కదని డాక్టరు ముందే చెప్పాడు.

ఆ బుధవారం మధ్యాహ్నం ముసురు పట్టి రాయపూర్ అంతా మసకబారింది. కరెంటు పోయింది. గదిలో తడిసిన ఇనుము వాసన. హెలెన్ నొక్కింది. గుంట పూడేసరికి యాభై అయింది.

"హాస్పిటల్‌కొద్దే హెలెనూ. మీ నాన్న అక్కణ్ణించి తిరిగొచ్చాడా?" అని గొణిగింది దీనమ్మ.

తల్లి మొహం చూడలేక, గోడ క్యాలెండర్లో పెన్నుతో రెండు ప్లస్సులే వేసింది. తప్పని తెలుసు. సిగ్గేసింది కూడా.

వంటింట్లోకెళ్లి మాత్రలు తెచ్చేసరికి ఆ కాలి మీద కొత్త గుంటలున్నాయి. నాలుగు వేళ్లవి, ఒక మొండి బొటనవేలిది.

ఆ ఇంట్లో అలాంటి వేలు నాన్న పాల్‌దొక్కటే. రైల్వే యార్డులో వాగన్లు తనిఖీ చేసేవాడు. రెండు వాగన్ల మధ్య నలిగి వేలు సగం పోయింది. బాగోలేని వాగన్‌కి సుద్దముక్కతో ఇంటూ కొట్టేవాడు, బయలుదేరొచ్చు అనుకున్నదానికి సున్నా చుట్టేవాడు. పోయి ఆరేళ్లయింది.

"ఎవరు నొక్కారమ్మా?"

"మీ నాన్నే. లెక్క గలత్ రాశావంట. గుస్సాలో ఉన్నాడు."

హెలెన్ క్యాలెండర్ వైపు తిరిగింది. తను వేసిన రెండు ప్లస్సుల పక్కన మూడోది... తెల్లగా, సుద్దతో. రేపటి గడిలో నాలుగు. ఆ తర్వాతి గడి ఖాళీ.

వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఇరవై నిమిషాలన్నారు. ఆ గోడకి వీపు తిప్పి, తల్లి చెయ్యి గట్టిగా పట్టుకు కూర్చుంది. దీనమ్మ మెడ నరం చెవి దాకా ఉబ్బి కొట్టుకుంటోంది.

మంచం మీంచి క్యాలెండర్ కనబడదు. అయినా దీనమ్మ గుసగుసగా అడిగింది.

"ఎల్లుండికేం రాశాడే?"

"ఏం లేదమ్మా. ఖాళీగా ఉంది." ఈసారి నిజమే చెప్పింది.

అప్పుడు... వెనకాల గోడ మీద సుద్ద గీసుకున్న చప్పుడు.

ప్లస్‌కైతే రెండు గీతలు. మధ్యలో చెయ్యి లేవాలి.

ఇది లేవలేదు... మెల్లగా, గుండ్రంగా తిరుగుతోంది.