బొటనవేలి మాట

పొద్దున్నే కారు స్టార్ట్ చేయగానే ఇంజన్ కీచుమంది. వెనక సీట్లో అమ్మ అప్పటికే సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికల్లా కొండ అవతలి ఆసుపత్రిలో ఉండాలి. ఆవిడ గుండె ఆపరేషన్ వాయిదా పడీ పడీ ఇవాళ్టికి కుదిరింది. కూతురు ఇంజన్ ఆపేసి దిగింది.

నాన్న మెకానిక్. ఇంటి పక్క షెడ్డే ఆయన రాజ్యం. అక్కడ ఎవరు ఏ పని చేసినా చివర్లో ఆయన బొటనవేలితో తడిమి "ఊఁ" అనాల్సిందే, లేకపోతే బండి గేటు దాటదు. కూతురికి పని నేర్పిందీ ఆయనే. కళ్ళు మోసం చేస్తాయి, వేలు చెయ్యదు అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు.

ఆయనొచ్చి బానెట్ ఎత్తి, ఇంజన్ బెల్టు మీద వేలు నడిపించాడు. భేషుగ్గా ఉంది, చెమ్మకి అరిచిందంతే, బయల్దేరండి అన్నాడు.

కూతురు ఫోను లైటు వేసి వంగి చూసింది. బెల్టు లోపలివైపు నిండా పగుళ్ళు, అంచున దారాలు లేచాయి, ఒకచోట ముక్కే ఊడిపోయింది. ఆ మాటే చెబితే, ఫోను లైటులో నా మొహం నిండా కూడా పగుళ్ళే కనిపిస్తాయి అన్నాడాయన.

ఆ బెల్టు తెగితే నీళ్ళ పంపు ఆగుతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది. అదీ కొండ మలుపుల్లో! కొత్త బెల్టు ఎదురుగా మేకుకే వేలాడుతోంది. అయినా సరే, ఆయన స్పానర్ ముట్టుకోనివ్వడే! నేను చూశాక మళ్ళీ నువ్వు చూసేదేంటని రుసరుసలాడాడు. కూతురికి ఒళ్ళు మండిపోయింది.

"అమ్మ ప్రాణం కంటే నీ పంతమే ఎక్కువా నాన్నా?"

ఆయన మొహం మాడిపోయింది. చెయ్యి మళ్ళీ లోపలికి దూర్చి, బెల్టు పొడుగునా తడిమి బయటికి తీశాడు. ఒక్క పగులు కూడా లేదు అని మొదలుపెట్టాడు. ఆయన చెబుతూనే ఉన్నాడు, వేలి నుంచి రక్తం చెప్పు మీదికి కారుతూనే ఉంది. లోపలి రేకు అంచు చీరేసింది.

"నాన్నా... నీ వేలు."

ఎవరిదో వేలు చూసినట్టు చూసుకున్నాడు. తర్వాత అక్కడే పాత టైరు మీద కూలబడ్డాడు.

"షుగరమ్మా. ఏడాదిగా వేళ్ళు మొద్దుబారాయి. మీ అమ్మ ఆపరేషన్ అయ్యేదాకా చెప్పొద్దనుకున్నాను. వేలికి స్పర్శే పోతే నేనింకేం మెకానిక్‌ని?"

కూతురికి ఏడుపు ఆగలేదు. అమ్మ కారు దిగి వచ్చి, తన రుమాలు ఆయన వేలికి చుట్టింది. నా గుండె గురించి దిగులుపడుతూ ఇది దాచారా అని కోప్పడి, మీరూ బండెక్కండి, ఆ డాక్టర్లకే చూపిద్దాం అంది.

కూతురు బెల్టుని బిగించి ఉంచే టెన్షనర్ వదులు చేసి, పాత బెల్టు తీసి, కొత్తది ఎక్కించింది. నాన్న పక్కన నిలబడి ఏ పుల్లీ మీదుగా పోవాలో చెబుతూ వచ్చాడు. అంతా అయ్యాక అలవాటు కొద్దీ చెయ్యి చాచి, మధ్యలోనే ఆగిపోయాడు.

"నువ్వు తడిమి చూడమ్మా," అన్నాడు.

ఆమె బొటనవేలు నెమ్మదిగా బెల్టు పొడుగునా నడిచింది. నాన్న కళ్ళు ఆ వేలి మీదే ఉన్నాయి.

"ఊఁ," అంది కూతురు.

ఆయన కళ్ళు తుడుచుకుని, బానెట్ మూసి, వెళ్ళి వెనక సీట్లో అమ్మ పక్కన కూర్చున్నాడు.