ఆనకట్ట కడుపులో పగులు

మా పై ఇంజనీరు డాక్టర్ ఎవాల్డో అంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. రాజధాని నుంచి తెల్లబూట్లేసుకుని దిగేవాడు. మేం తాగే మాతే ఆకు కషాయం చూసి ముక్కు చిట్లించేవాడు. మా ఆనకట్ట కాంక్రీటు ఎక్కడ చీలుతుందో కంప్యూటర్లో లెక్కకట్టడం నా పని. సరిదిద్దే వంకతో ఆ లెక్కల్ని పాడుచేయడం ఆయన పని.

ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా అదే చేశాడు. జలాశయం నిండితే నడిమి దిమ్మ నిలువునా పగులుతుందని నా లెక్క చెప్పింది. తెరమీద ఎర్రటి చార కనిపించింది. ఆయన నా కుర్చీ లాక్కుని కూర్చుని, కాంక్రీటు బలాన్ని తనకు తోచినంత పెంచేశాడు. ఎర్ర చార పోయి తెరంతా నీలమైపోయింది.

"చూశావా జనీరా? నీ గోడకి జబ్బు నయమైపోయింది."

"గోడకి కాదు డాక్టర్ గారూ, బొమ్మకి."

"ఏడిశావులే. రేపు గేట్లు దించేయిస్తున్నా."

తనిఖీకని ఎత్తి ఉంచిన గేట్లు దించితే జలాశయం నిండుతుంది. దిగువన మా ఊరుంది. అందులో మా అమ్మ ఉంది.

"గేట్లు దించే కాగితం మీద సంతకమేదో, లోపల ఇప్పటికే మొదలైన పగులు చూశాక పెట్టండి. లోపలికి రావడానికి భయమా ఏం?" అన్నాను. పౌరుషం పొడుచుకొచ్చి లేచాడు.

ఆనకట్ట లోపల సొరంగంలాంటి దారి ఉంటుంది. బయట ఎంత ఎండ కాసినా అక్కడ ఎప్పుడూ చీకటే. వరసగా గుడ్డి దీపాలు. తడిసిన సున్నం వాసన. ఎక్కడో నీటిచుక్క రాలిన చప్పుడు. చాలాసేపటికి ఇంకొకటి. బూట్లు తడుస్తాయని ఆయన మడమలెత్తి కోడిపుంజులా నడిచాడు. నాకు నవ్వాగలేదు.

నడిమి దిమ్మలో పగులు వెంట్రుకంత సన్నగా నేలనుంచి పైకి పాకి ఉంది.

"ఇదా! ఇంత రాద్ధాంతం దీనికా?" అంటూ దానిమీద అరచేయి ఆనించాడు.

చెయ్యి తియ్యలేదు.

"జనీరా... వెచ్చగా ఉందే."

"చాల్లెండి."

"గాలి... లోపలికి పీలుస్తోంది. వదులుతోంది... మళ్లీ పీలుస్తోంది..."

అప్పుడు నాకూ వినిపించింది. గోడలోపల ఎవరో పారతో తడి కాంక్రీటు కలుపుతున్నట్టు బరువైన చప్పుడు.

దీపాలు ఆరిపోయాయి.

"అయ్యా..." గుసగుస. మా ఇద్దరిదీ కాదు. "కింద నేనున్నా... కాంక్రీటు పొయ్యకండి..."

పరుగెత్తాను. ఒంటరిగానే. గోడ తడుముకుంటూ, పడుతూ, లేస్తూ ఇనపతలుపు తోసుకుని ఎండలోకి పడ్డాను.

కాసేపటికి ఆయన వచ్చాడు. ముఖం పాలిపోయింది. కానీ చిత్రంగా, నెమ్మదిగా నడుస్తున్నాడు.

"నువ్వు చెయ్యి పట్టుకుని నడిపించావు కాబట్టి సరిపోయింది. లేకపోతే అక్కడే పడిపోయేవాణ్ణి తల్లీ" అన్నాడు.

నేను పట్టుకోలేదు. ఆ మాట చెప్పలేదు. భయానికి మతి చెడింది పాపం పెద్దమనిషికి, అనుకున్నాను. మర్నాడు ఆయనే నా లెక్క ఒప్పుకుని గేట్లు ఎత్తే ఉంచమన్నాడు. ఊరు నిలిచింది. ఇన్నాళ్లూ నేను చెప్తే ఎక్కనిది కాస్త చీకటి చూస్తే ఎక్కిందని, భోజనాల దగ్గర ఆయన కోడినడక నడిచి చూపించి అందర్నీ నవ్వించాను.

తరవాత ఒకరోజు ఆయన ఫోన్లో ఫొటో పంపాడు. మణికట్టు చుట్టూ పుండ్లు. వేళ్ల ఆకారంలో. పచ్చి సిమెంటు కాల్చిన గాయాలని ఆస్పత్రిలో చెప్పారట. ఆ గోడ నేను పుట్టకముందే గట్టిపడింది.

ఆ ఫొటోని చాలాసేపు చూశాను. ముందు నడుస్తూ దారి చూపేవాళ్ల పట్టు కాదది. వేళ్లు కిందనుంచి పైకి చుట్టుకుని ఉన్నాయి. గుంటలోంచి బయటికి లాగమని వేలాడేవాళ్ల పట్టు.

వెంటనే ఫోన్ మోగింది.

"జనీరా," గుసగుసగా అడిగాడు, "ఆ రోజు నా వెనకాల... ఎవరైనా వచ్చారా?"

"లేదు" అన్నాను.

ఎవర్నీ చూడలేదు, నిజమే. కానీ ఆయన బయటికొచ్చాక కూడా ఆ బరువైన ఇనపతలుపుని నేను మూయలేదు. ఇంకొకరు రావాల్సి ఉన్నట్టు, దాన్ని తెరిచి పట్టుకుని పక్కకి తప్పుకున్నాను.

ఎందుకో నాకు తెలీదు.