కెప్టెన్ విందుకి రానన్నదెవరు

పెళ్ళై పదకొండు రోజులు. ఓడెక్కి ఆరు రోజులు. ఇన్నాళ్ళలో లెక్చరరుకి తన భార్యతో ఏకాంతం పట్టుమని ఒక పూట కూడా దక్కలేదు. తప్పు అతనిదే. మొదటిరోజు భోజనాల దగ్గర, "మా ఆవిడ ప్రైవేటు డిటెక్టివ్, నేను అసిస్టెంటుని" అని ఛాతీ విరుచుకుని చెప్పుకున్నాడు. అది మొదలు కళ్ళజోడు పోయినవాళ్ళూ, చెప్పుల్లో ఒకటి పోయినవాళ్ళూ వాళ్ళ గది తలుపు అరగదీస్తున్నారు.

పోనీ నిన్న మధ్యాహ్నం మూడింటికి పైడెక్కు మీద చెట్టపట్టాలేసుకుని నడుద్దామని బయల్దేరితే, ఈదురుగాలి అని మెట్ల దగ్గరే తాడు కట్టేశారు. ఆరు దాకా విప్పలేదు. సాయంత్రం దిండ్ల మీద గది సర్దే స్టీవర్డు పెట్టే చాక్లెట్లు రెండుండాలి, ఒకటే ఉంది.

"ఒకటే పెట్టినట్టున్నాడు," అన్నాడు లెక్చరరు.

"అలాగా," అంది డిటెక్టివ్.

ఇవాళ పొద్దున గుండ్రటి కిటికీ దగ్గర ఇద్దరూ కాఫీ కప్పులతో కూర్చున్నారు. ఆవిరికి అద్దం మసకబారితే ఆమె వేలితో దాని మీద చేపని గీసింది. చేపకి మీసాలెందుకని అతను అడగబోతుండగా తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఒక పెద్దావిడ. మంచి చీర, ఎర్రబడ్డ ముఖం.

"కొత్త దంపతుల్ని కదిపితే పాపమని తెలుసమ్మా. కానీ నా కడుపు మండిపోతోంది."

లెక్చరరు నిట్టూర్చి ఆవిడకి కుర్చీ వేశాడు.

సంగతి ఇదీ. ఈ ఓడలో ఎక్కువ రోజులు ప్రయాణించిన ఆరుగురిని ప్రతి యాత్రలోనూ చివరి సాయంత్రం కెప్టెన్ తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని విందు ఇస్తాడు, వెండి లంగరు బ్యాడ్జి పెడతాడు. పెద్దావిడా ఆవిడ భర్తా ఇరవై రెండేళ్ళుగా ఈ ఓడలోనే తిరుగుతున్నారు. గత రెండు యాత్రల నుంచే ఆ ఆరుగురి లెక్కలోకి వచ్చారు, పిలుపు మాత్రం రాలేదు. ఈసారీ రాలేదు.

"రాకపోతే పోనీ అనుకున్నాను. ఇందాక టిఫిన్ దగ్గర ఆ పళ్ళ డాక్టరు ఏమన్నాడో తెలుసా? 'మళ్ళీ రానన్నారటగా, మీ కుర్చీ నాకొచ్చింది, థాంక్స్' అన్నాడు. నేనెప్పుడన్నాను రానని? నా బదులు ఎవరో జవాబు చెబుతున్నారు. వచ్చే నెల ఈ ఓడని విరగ్గొట్టడానికి పంపేస్తున్నారు. ఇవాళ దాటితే ఇక ఆ బల్లా లేదు, ఆ కుర్చీ లేదు."

"ఈ ఓడలో మీరు ఒక్కరే ఎప్పుడైనా ప్రయాణం చేశారా?" అడిగింది డిటెక్టివ్.

"ఒక్కరమా? ఆయన లేకుండా నేనూ, నేను లేకుండా ఆయనా ఇందులో అడుగుపెట్టలేదు. నా గది కార్డు కూడా ఆయన జేబులోనే. తోలు సంచీలో పెట్టి జిప్పు వేస్తారు. నా చేతికివ్వరు, పారేస్తానట."

అతిథుల పనులు చూసే ఆఫీసరమ్మ తన కౌంటరు వెనక విసుగ్గా ఉంది. "మేం పంపకపోవడం ఏమిటండీ? ఆహ్వానాలు విందుకి ముందురోజు నాలుగింటికి తలుపు క్లిప్పుకి తగిలిస్తాం. నాలుగున్నరకల్లా జవాబు చీటీ ఈ పెట్టెలో పడింది. మూడు యాత్రల్లోనూ అంతే." చీటీ చూపించింది. 'రాలేము' అన్నచోట టిక్కు. కారణం అన్నచోట ఒకే మాట: మోకాళ్ళు.

ప్రయాణించిన రోజుల లెక్కన వేసిన పేర్ల పట్టిక కూడా చూపించింది. పెద్దాయనది మూడో పేరు, పెద్దావిడది ఐదో పేరు, పళ్ళ డాక్టరుది ఏడు.

"ఎంత ముచ్చటగా ఉంటుందో తెలుసా? ఒక్కొక్కరు చేసిన ప్రయాణాలన్నీ సంవత్సరాలతో సహా కెప్టెన్‌గారు చదివి వినిపిస్తారు," అంది.

లెక్చరరు భార్య చెవిలో గుసగుసలాడాడు. "పళ్ళ డాక్టరే. లాభం అతనికే కదా."

"అసిస్టెంటు గారూ, కాస్త ఆగండి."

వెళ్ళి అడిగేసరికి పళ్ళ డాక్టరు ఒంటికాలి మీద లేచాడు. "నిన్న నాలుగింటికి నేను డ్యాన్సు క్లాసులో ఉన్నాను. నా బూటు కింద నలిగిన కాళ్ళు పదహారు. వెళ్ళి అడగండి." అడిగారు. పదహారూ నిజమే. లెక్చరరు జావగారిపోయాడు.

పెద్దాయన లైబ్రరీలో పేపరు చదువుతూ దొరికాడు. స్కూళ్ళ తనిఖీ అధికారిగా చేసి రిటైరైన మనిషి. మాట నెమ్మది.

"పాపం, నా భార్య ఎంత ఆశపెట్టుకుందో. నేను నిన్న నాలుగింటికి పైడెక్కు మీద పన్నెండు చుట్లు కొట్టాను, రోజూ కొడతాను. గదివైపు ఎవరొచ్చారో నేనెక్కడ చూస్తాను?"

"మీ ఆవిడ మోకాళ్ళు ఎలా ఉంటాయి?"

"మెట్లెక్కితే నొప్పి. నలుగురిలో బయటపడదు, లిఫ్టులోనే వెళుతుంది."

బయటికొచ్చాక లెక్చరరు విసుక్కున్నాడు. "అందరూ అమాయకులే. మనకి మిగిలింది ఒక్క సాయంత్రం. అదీ గంగలో కలిసింది."

"అందరూ అమాయకులైతే ఒకరు అబద్ధం ఎందుకు చెప్పారోయ్?" అందామె. అతనికి కోపమూ వచ్చింది, ముద్దూ వచ్చింది.

ఆరున్నరకి భోజనశాల ముందున్న చిన్న హాల్లో అందర్నీ కూర్చోబెట్టింది డిటెక్టివ్. పళ్ళ డాక్టరు చేతులు కట్టుకుని ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"ఆ చీటీలో మోకాళ్ళని రాసి ఉంది. అమ్మగారి మోకాళ్ళ సంగతి బయటివాళ్ళకి తెలియదు. కాబట్టి ఇది ఇంటిమనిషి పని. రెండోది, నిన్న మూడు నుంచి ఆరు దాకా పైడెక్కుకి తాడు కట్టి ఉంది. మేం స్వయంగా వెనక్కి తిరిగొచ్చాం. అక్కడ నాలుగింటికి పన్నెండు చుట్లు కొట్టడం ఎవరి తరమూ కాదు."

పెద్దాయన పేపరుని చిన్నగా, ఇంకా చిన్నగా మడిచాడు.

"మూడోది, ఈ ఇద్దరూ ఎప్పుడూ కలిసే ప్రయాణం చేశారు. అలాంటప్పుడు రోజులు సమానంగా ఉండాలి, పేర్లు పక్కపక్కన రావాలి. ఆయనది మూడు, ఆవిడది ఐదు. అంటే ఆయన ఒక యాత్ర ఎక్కువ చేశారు. ఆవిడకి చెప్పకుండా. కెప్టెన్ అది గట్టిగా చదివితే కొంప మునుగుతుంది. గది కార్డుల మీద కూడా ఇంతవరకూ తిరిగిన రోజులు ఉంటాయి, రెండూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది కాబట్టి ఆవిడ కార్డునీ సంచీలో దాచారు."

పెద్దావిడ భర్త వైపు తిరిగింది.

"అమ్మాయి పురిటికి నువ్వు వెళ్ళావు," అన్నాడు పెద్దాయన నేల చూస్తూ. "టికెట్లు రద్దు చేయించానన్నాను. ఇల్లు బావురుమంటుంటే ఉండలేకపోయాను. పద్నాలుగు రోజులు. నీకు క్యాంపు అని చెప్పాను. నువ్వు లేకుండా సముద్రం ముఖం చూడనని అంతకుముందే మాటిచ్చాను కదా, ఎలా చెప్పను?"

అందరూ పెద్దావిడ వైపు చూశారు. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం మచ్చుకైనా లేదు.

"స్కూళ్ళ తనిఖీకి వెళ్ళినవాళ్ళకి ముక్కుమీద తోలు ఊడుతుందా అండీ? ఎండకి కమిలిపోయి వచ్చారు. సూట్‌కేసు నిండా ఉప్పువాసన. ఆరోజే తెలుసు నాకు. నవ్వుకుని ఊరుకున్నాను. పొద్దున ఈ అమ్మాయి అడిగినా మీ గుట్టు బయటపెట్టలేదు."

"తెలుసా?"

"ఆ పద్నాలుగు రోజుల్నీ క్షమించి పందొమ్మిదేళ్ళయింది. ఈ విందులు మాత్రం క్షమించను." "రెండు యాత్రలు గదిలో కూర్చుని, నాలో ఏం లోపముందో అని ఏడ్చాను. మీరు పక్కనే కూర్చుని పేపరు చదివారు."

పళ్ళ డాక్టరు లేచాడు. "పొద్దుట్నుంచీ నన్ను దొంగని చూసినట్టు చూశారు. అయినా సరే, నా కుర్చీ తీసుకోండమ్మా."

"ఎవరూ లేవక్కర్లేదు. ఇంకో రెండు కుర్చీలు వేయిస్తాను," అంది ఆఫీసరమ్మ.

"వేయించమ్మా," అంది పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఆ పద్నాలుగు రోజులూ కాస్త గట్టిగా చదవమని కెప్టెన్‌గారికి చెప్పు. ఈయనకి ఎడమచెవి వినపడదు."

ఆవిడ ముందు నడిచింది. ఆయన సంచీ జిప్పు తీసి, ఆవిడ కార్డు చేత్తో పట్టుకుని వెనకాల నడిచాడు.

ఇవాళ గాలి లేదు, మెట్ల దగ్గర తాడూ లేదు. పైడెక్కు మీద ఎండ ఇంకా మిగిలి ఉంది. రెండు చుట్లు నడిచాక లెక్చరరు ఆగాడు.

"నీకొకటి చెప్పాలి. నిన్న స్టీవర్డు రెండు చాక్లెట్లూ పెట్టాడు. రెండోది నేను తినేశాను."

"తెలుసు. రేకు నీ కోటుజేబులోంచి తొంగిచూసింది."

"మరి అడగలేదేం?"

ఆమె అతని చేతిలో చెయ్యి వేసింది. "ఎన్నేళ్ళకి చెబుతావో చూద్దామని."