అంగారకుడి మీద మేక

గొడుగులు ఒక్కొక్కటే వచ్చి గ్రంథాలయం వరండాలో ముడుచుకుంటున్నాయి. వెనక బెంచీ మీద కూచున్న తంకమణి గుండె కూడా అలాగే ముడుచుకుపోతోంది.

తిరువనంతపురంలో, రాకెట్లు తయారుచేసే చోట నిక్షేపంలాంటి ఉద్యోగం. అది మానేసి ఇంటికొచ్చి కూతురు వృంద నవల రాసింది. అంగారకుడి మీద ఊరు కట్టుకున్న మనుషుల కథ. ఇవాళ దాని మీద చర్చ. పాఠకులందరూ మాట్లాడేదాకా రాసినవాళ్లు నోరు మెదపకూడదని ఇక్కడి పద్ధతి.

తంకమణి ఎప్పుడూ ఈ గడప తొక్కి ఎరగదు. జనం తిడతారేమో, పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంటుందేమో, ఈ వానకి పైకప్పు కూలుతుందేమో. ఏది ముందు జరుగుతుందా అని ఎదురుచూస్తోంది.

ముందు లేచినవాడు పశువుల డాక్టరు ప్రశోభ్. ఒట్టపాలం ఆస్పత్రికి కొత్తగా వచ్చాడు.

"నవలలో రాకెట్టు బాగానే ఎగిరింది. కూలింది మేక."

హాలంతా నవ్వు.

"ఎనిమిదో అధ్యాయంలో మేక చూలు కడుతుంది. రెండు నెలలు తిరక్కుండా ఈనేస్తుంది. మా దగ్గర మేకలు ఐదు నెలలు మోస్తాయండీ. రచయిత్రి గారికి అంత తొందరేమిటో?"

వృంద పద్ధతి మరిచిపోయింది. "అక్కడ గురుత్వాకర్షణ తక్కువ!"

"అయితే బరువు తగ్గుతుంది మేడమ్. నెలలు తగ్గవు."

"ఇంత పుస్తకంలో మీకు మేక ఒక్కటే కనబడిందా?"

"నోరులేనిది అదొక్కటే కదా. దాని తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి."

"వృందా, నీ వంతు ఆఖర్న," అని అధ్యక్షుడు భాస్కరన్ మాష్టారు బల్ల మీద తట్టారు.

వృంద ఆ అధ్యాయం చదివి వినిపించినప్పుడే తంకమణికి అనుమానం వచ్చింది. రాకెట్ల దగ్గర పనిచేసిన పిల్లకి తెలియదా, ఆ లోకంలో మేకలు అలాగే ఈనుతాయేమోలే అని ఊరుకుంది.

ఇంక ఒకరి తరవాత ఒకరు. టీకొట్టు లేని చోటు ఊరెలా అవుతుందని పోస్టాఫీసు రాధామణి. "అంతమంది కూలీలు పనిచేస్తుంటే ఒక్క సమ్మె కూడా లేదే!" అని బీడీ సంఘం కుంజప్పన్. అందరూ అయ్యాక వృంద లేచి, నమస్కారం పెట్టి, కూచుంది. అంతే.

తోవలో ఒకే గొడుగు కింద తల్లితో అంది. "ఇంక రాయనమ్మా."

ఉద్యోగం పోయింది, ఇప్పుడు రాతా పోయింది. గదిలో తలుపేసుకుని కూచునే ముప్పయ్యేళ్ల పిల్లని ఏం చేయాలో తంకమణికి తోచలేదు. ఆ పశువుల డాక్టరు చల్లగా ఉండకూడదని మాత్రం గురువాయూరప్పకి గట్టిగా చెప్పుకుంది.

ఆ వారంలోనే వాళ్ల పెరట్లో మేక అమ్మిణికి నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నం దాటినా పిల్ల బయటపడలేదు.

"డాక్టర్ని పిలు," అంది తంకమణి.

"ఆయన్నా?"

"మరి రాకెట్లవాళ్లని పిలుస్తావా?"

వానలో కీచుమంటూ బండి వచ్చి, గుమ్మం దాటిపోయి, ఎక్కడో ఆగింది. ప్రశోభ్ దాన్ని వెనక్కి తోసుకుంటూ వచ్చాడు. నిలువునా తడిసిపోయాడు.

"ఎన్నో నెల?"

"ఐదు నిండాయి," అంది వృంద పళ్ల బిగువున.

"అయితే భూమ్మీదే ఉన్నాం. తల పట్టుకోండి. గట్టిగా కాదు, ప్రేమగా."

పిల్లకి ముందుకాలు వెనక్కి మడతపడింది. చేతులు సబ్బుతో కడుక్కుని, అమ్మిణితో ఏవో కబుర్లు చెబుతూనే దాన్ని సర్ది తీశాడు. నల్లటి పిల్ల తుమ్మి, తల విదిలించింది. మొదటి నీళ్లచుక్కలు వృంద ముఖం మీదే పడ్డాయి.

తంకమణి పాలులేని టీ, ఉడికిన కర్రపెండలం తెచ్చి పెట్టింది. మొన్న గురువాయూరప్పకి చెప్పుకున్నది మనసులోనే వెనక్కి తీసుకుంది.

"రెండో నవల ఎప్పుడు?" అన్నాడతను.

"లేదు. మీరంతా కలిసి అన్ని తప్పులు పట్టాక ఇంకేం రాస్తాను?"

అతని చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఈ ఊరి పిల్లయి ఉండీ మీకు మన గ్రంథాలయం సంగతి తెలియదా?"

"చిన్నప్పుడే హాస్టలుకి పంపేశారు."

"అక్కడ పుస్తకాన్ని పొగిడితే చదవకుండా వచ్చారంటారు! ఎవరో 'అద్భుతం' అన్నందుకు మాష్టారు పేజీలు తిప్పి ప్రశ్నలు వేశారట. ఆ పొగిడినాయన ఇప్పటికీ ఆ వీధిలో నడవడు. మీ పుస్తకానికి ముందు లేచే వంతు కోసం నేనూ పోస్టాఫీసు రాధామణక్కా చీట్లు వేసుకున్నాం."

వృంద అతని వంకే చూసింది. "అయితే... నచ్చిందా?"

అతను మేకపిల్ల వైపు చూస్తూ చెప్పాడు. "నీళ్లు అయిపోతున్నాయని తెలిసీ ఆ ముసలాయన తన గ్లాసు మేకకి పోస్తాడే, అక్కడ పుస్తకం మూసేసి బయటికెళ్లి కాసేపు నిలబడ్డాను."

"ఆ మాట అక్కడ చెప్పొచ్చుగా!"

"అందరి ముందా? చదవలేదనుకోరూ?"

వృంద పకపకా నవ్వింది. ఎన్నాళ్లకో విన్న నవ్వు. తంకమణి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఇంకో బెంగ పట్టుకుంది. ఈ అబ్బాయికి పెళ్లయిపోయిందో ఏమిటో!

కాలేదని త్వరలోనే తెలిసింది. ఏ జబ్బూ లేని మేకపిల్లని చూడ్డానికి ఆ ఏడాదంతా డాక్టరు వస్తూనే ఉన్నాడు. లోపల వృంద రాస్తూనే ఉంది.

మళ్లీ వానలకి రెండో నవల వచ్చింది. మళ్లీ చర్చ. మళ్లీ వెనక బెంచీలో తంకమణి. ఈసారీ ముందు లేచింది ప్రశోభే. ఏం పట్టుకుంటాడోనని అందరూ ముందుకి వంగారు.

అతను గొంతు సవరించుకున్నాడు. "నవల చాలా బాగుంది. నాకు ఒక్క తప్పు కూడా కనబడలేదు."

"చదవలేదు!" అన్నాడు కుంజప్పన్.

"పేజీ అడగండి మాష్టారూ!" అంది రాధామణి.

భాస్కరన్ మాష్టారు కళ్లజోడు తీసి అతన్ని చూశారు. తల వంచుకున్న వృందని చూశారు.

"చదివాడయ్యా. బాగానే చదివాడు. ఈ ఒక్కసారికి పద్ధతి పక్కన పెడుతున్నాను. వృందా, జవాబు చెప్పమ్మా."

వృంద లేచింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆయనలో మాత్రం నాకు బోలెడు తప్పులు కనబడుతున్నాయి మాష్టారూ. అన్నీ చెప్పాలంటే ఈ పూట చాలదు."

బెంచీలు దద్దరిల్లేలా చప్పట్లు. అందరి తలలూ వెనక్కి, తంకమణి వైపు తిరిగాయి.

ఆమె గుమ్మంలోంచి బయటికి చూసింది. బయట వాన. జారుడు రోడ్డు. ఆ బండి.

"ముందు," అంది లేచి నిలబడి, "ఆ బండికి బ్రేకులు వేయించుకోమనండి. తరవాత వాళ్లమ్మగారిని ఇంటికి తీసుకురమ్మనండి. బస్సులో."