ఉప్పుదిమ్మకు తూగిన పుర్రె

మిట్టమధ్యాహ్నం...! మనిషి నీడ మనిషి పాదాల కిందే నక్కి దాక్కునే భయంకర ఘడియ! ఆకాశం పెనంలా కాలుతోంది. తూర్పు దిక్కున రాగిరంగు ఇసుకమేఘం కాలరాక్షసిలా మెల్లగా పైకి లేస్తోంది. దిగంతాన ఎక్కడో వానలేని ఉరుమొకటి గొంతు సవరించుకుంది. బావి పక్క తుమ్మచెట్టు మీద రెండు కాకులు... అరవడం లేదు. వేచి చూస్తున్నాయి!

తెనెరె ఎడారి అంచున, తనవాళ్ల గుడారాల ముందు ఒంటె దిగాడు ఘుమూర్. ఉప్పు బిడారుకు నాయకుడు. వయసు నలభై ఏడు, మోకాళ్లకు మాత్రం తొంభై. 'ఎడారి' అన్న మాటలో దారి ఉంది గానీ ఎడారిలో లేదు. ఆ ముక్క ఆ మోకాళ్లకు బాగా తెలుసు.

మూడు నెలల కిందట పాడుబడ్డ బావి దగ్గర ఒంటరిగా నీళ్లు తోడుతున్న అతని భార్య రహ్మతాను ఏదో పట్టింది. శూన్యంలో తిరుగాడే నిర్జనవాసుల్లో ఒకటి! ఆనాటి నుంచీ ఆమె గొంతులో మగగొంతు... ఆమె కళ్లలో ఆమె లేదు! ఘుమూర్ ఆమెను ఒంటెకెక్కించుకుని కానో పట్నం వెళ్లాడు. చర్మాల అంగడి వెనక ఒక ముసలాయన పలక మీద మంత్రాక్షరాలు రాసి, కడిగి, ఆ నీళ్లు తాగించాడు. జిందేర్‌లో ఇంకొకాయన పొగ వేశాడు. పొగకి ఘుమూర్ దగ్గాడు, దయ్యం నవ్వింది! బజారు బజారూ తిరిగి బేజారైపోయాక, అగాదెజ్ మట్టిమినారు వెనక, ఎండిన తొండలూ దుమ్ములగొండి తోకలూ అమ్మే సందులో దొరికాడు అమస్తాన్... మహామాంత్రికుడు! ఒళ్లో తోలుసంచి. సంచిలో పుర్రె!

"బిల్మాలో ఉప్పెక్కించుకుని వెనక్కొస్తావుగా. ఆ దారిలో ఏడు మధ్యాహ్నాలు నీ ఆవిడ గుండెల మీద ఈ కపాలం పెడతాను. ఏడోనాడు దయ్యం దీంట్లోకి దిగుతుంది. ఒకటే షరతు. డప్పు మోగకూడదు. మోగిందా... ఆమె ప్రాణం అక్కడికక్కడే పోతుంది!" అన్నాడు అమస్తాన్.

ఘుమూర్ సరేనన్నాడు. అప్పటికి సరే తప్ప వేరే మాట అనే ఓపిక అతనిలో మిగల్లేదు.

ఇది ఆ ఏడో మధ్యాహ్నం...!

అమస్తాన్ గుడారంలో ఇసుక మీద రహ్మతాను పడుకోబెట్టి, చుట్టూ ముగ్గు గీస్తున్నాడు. ఆ ఎడారిజాతి మగవాళ్లందరిలాగే అతనూ నీలిముసుగు ముక్కు కిందికి దించడు. తిండి కూడా దాని చాటునే. మగవాడి నోరు బయటపడితే నిర్జనవాసులు అందులోంచి దూరతారని అక్కడ ఎవర్నడిగినా చెబుతారు.

అప్పుడొచ్చింది కమ్మరి ముసలమ్మ జైనబూ. కమ్మరివాళ్ల నోటికి మొహమాటం లేదు. వాళ్లు నోరు తెరిచి అడిగితే కాదనే ధైర్యం ఏ దొరకీ లేదు. నిప్పుతో, ఇనుముతో కాపురం చేసే ఆ చేతుల ఉసురు మంత్రాలకు లొంగదు!

"ఒరేయ్ ఘుమూర్! ఒంటె ఓ పక్కకి ఒరిగొచ్చిందేంట్రా? బరువు సరిచూసి కట్టడం మానేశావా, ఒంటె కూడా నీలాగే నడుం వాల్చిందా?"

"సరిచూసే కట్టానవ్వా. ఆయన పుర్రెసంచి రోజురోజుకీ బరువెక్కుతోంది."

"పుర్రె బరువెక్కడమేంట్రా, నెల తప్పిందా?"

"నవ్వకవ్వా. బయల్దేరిననాడు దానికి రెండోపక్క గుప్పెడు ఖర్జూరాలు కడితే సరిపోయింది. మర్నాడు సంచెడు. మొన్న ఒక ఉప్పుదిమ్మ. ఇవాళ రెండు దిమ్మలు కట్టినా అటే మొగ్గుతోంది."

ముసలమ్మ నవ్వు ఆగిపోయింది.

"మరి నీ పెళ్లాం?"

ఘుమూర్ తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. పొద్దున రహ్మతాను ఒంటె మీదికి ఎక్కించింది ఆ ఒక్క చేత్తోనే! ఖాళీ నీళ్లతిత్తిని విసిరినట్టు...! ముప్పై ఏళ్లుగా ఒంటెకు రెండు పక్కలా బరువు సరిచూసిన మనిషి, ఈ లెక్కొక్కటీ చూడలేదు!

"దయ్యం దిగట్లేదురా పిచ్చోడా! నీ ఆవిడే దాంట్లోకి దిగుతోంది... చెంచాడు చెంచాడుగా! ఇవాళ్టితో ఆఖరు చెంచా. నీ రోలివ్వు. మేకతోలివ్వు. కమ్మరిదాన్ని అడుగుతున్నా!"

"డప్పు మోగితే చచ్చిపోతుందన్నాడవ్వా..."

"మోగకపోతే?"

ఘుమూర్ కళ్లు మూసుకున్నాడు. మూడు నెలల అలసట రెప్పల మీద ఉప్పులా పేరుకుంది.

"రోలు గుడారం వెనకుంది. తీసుకో."

తడిపిన మేకతోలు రోలు మూతికి బిగిసింది, రోలు డప్పయింది. తోలు సడలకుండా ఇరుపక్కలా కట్టిన రోకళ్ల మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. జైనబూ అరచెయ్యి లేచింది... ధడ్!!

గుడారంలో రహ్మతా ధనుస్సులా వంగి కెవ్వున అరిచింది... ఆ అరుపు సగంలో తెగిపోయింది! ఊపిరి లేదు! "అవ్వా, ఆపు!" అని ఘుమూర్ గొంతు చించుకున్నాడు. ముసలమ్మ ఆపలేదు. ఆడవాళ్లంతా పాట ఎత్తుకున్నారు. పాట నిండిన నోళ్లలో దయ్యానికి చోటెక్కడిది?

"ఆపండి!" గర్జించాడు అమస్తాన్. కపాలం ఎత్తి పట్టుకుని ఆవాహనమంత్రం అందుకున్నాడు. ముసుగు చాటున, డప్పు హోరులో, ఆ మంత్రం అతని చెవికే ఆనలేదు.

"ఏంటయ్యా, కొత్తపెళ్లికొడుకులా గొణుగుతున్నావ్?" కేకేసింది జైనబూ. "దయ్యానికి చెవుడు! కాస్త గట్టిగా చెప్పు! మంత్రమా, ముక్కుతో మూలుగా?"

"ముసలీ... నీ నాలుక తెగిపడుతుంది!"

"ఏమన్నావ్? వినపళ్లా!"

ధడ్... ధడ్... ధడ్! కపాలం కళ్లగుంతల్లో ఎర్రని నిప్పులు ఆరిపోతూ మినుకుమన్నాయి. ఏడు రోజుల సాధన చేజారిపోతోంది! ఆ రోషంలో, ఆ తొందరలో, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయని పని చేశాడు అమస్తాన్. ముసుగు సర్రున గడ్డం కిందికి లాగాడు! నోరంతా తెరిచి ఎడారి దద్దరిల్లేలా అరిచాడు...

"రా...!!"

అది వచ్చింది!

రహ్మతా పెదవుల మధ్య నుంచి నల్లని గాలి సుడి తిరుగుతూ లేచింది. పాడే నోళ్లను దాటింది. ముసుగు బిగించిన మగవాళ్లను దాటింది. తెరిచిన నోరు ఒక్కటే ఉంది... దూరింది! అమస్తాన్ కళ్లు తెల్లబడ్డాయి. ఖాళీ చేత్తో నోరు మూసుకోబోయాడు, అవతలి నుంచి ఎవరో వేళ్లు విరిచినట్టు రెండు చేతులూ వెనక్కి మెలిపడ్డాయి. కపాలం జారి, ఒంటె మీంచి దించిపెట్టిన ఉప్పుదిమ్మ మీద పడి ఫెళ్లున పగిలింది! అతని గొంతులో మూడు నెలల నాటి మగగొంతు వికటంగా నవ్వింది. ఇసుకమేఘం గుడారాల మీదికి విరుచుకుపడింది. ఆ ఎర్రచీకట్లోకి తూలుకుంటూ పరుగెత్తాడు మహామాంత్రికుడు. పరుగు కాసేపు వినిపించింది... ఆ తర్వాత గాలి ఒక్కటే! గాలి అణిగాక కాకులు చెట్టు విడిచి తూర్పుకు ఎగిరాయి. అటు వెళ్లి చూడాలని ఎవరికీ అనిపించలేదు.

ఘుమూర్ భార్య పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆమె కళ్లు తెరిచింది. ఆ కళ్లలో ఆమే ఉంది.

"ఏమయ్యా, అంత మురికిగా ఉన్నావేంటి?" అంది రహ్మతా, తన గొంతుతోనే.

అతను నీడలోకి తీసుకెళదామని అలవాటుగా ఒక చెయ్యి వేశాడు. ఆమె కదల్లేదు. రెండో చెయ్యీ వేశాడు. నడుం కలుక్కుమంది, మోకాళ్లు కిర్రుమన్నాయి.

"బరువున్నాను కదా, దించెయ్" అంది ఆమె నవ్వుతూ.

"ఉండు..." అన్నాడు ఘుమూర్ ఆయాసపడుతూ. నీడ దాకా వెళ్లినా ఆమెను దించలేదు.