చచ్చిన కేబుల్

మూతబడ్డ మిల్లు కింద ఉన్న కేబుల్ సొరంగానికి పేరు చెడి చాలా కాలమైంది. అక్కడ ఓ జాయింటర్ అతుకు వేస్తుండగా పైన ఎవరో చూసుకోకుండా స్విచ్ వేశారట, అతను అక్కడికక్కడే పోయాడట. తర్వాత ఆ కేబుల్‌ని రెండు చివరలా కోసేశారు. అయినా పొద్దుగూకితే అది మూలుగుతుందని చెప్పుకునేవాళ్లు.

ఆ కేబుల్ తీయించడానికి వచ్చిన ఇంజనీరమ్మకి దెయ్యాలంటే నమ్మకం లేదు. ఆమె ప్రాణం తోడేస్తున్నదల్లా తను చేసిన సెన్సరే. గోరంత పట్టీ. కేబుల్ మీద ఆనిస్తే చాలు... లోపల కరెంటు పారితే చుట్టూ పుట్టే అయస్కాంత శక్తిని పసిగట్టి అంకె చూపిస్తుంది. తొడుగు ఒలవక్కర్లేదు. తీరా ఇక్కడికొచ్చాక, చచ్చిన కేబుల్లో కరెంటుందని మొండికేసింది. ఆమె దాన్ని విప్పింది, బిగించింది, బ్యాటరీ మార్చింది. కుక్క తోక వంకరే.

నీ పరికరానికే దెయ్యం పట్టిందమ్మా, కేబుల్ ఇవాళే తీసెయ్యాలని పై అధికారి తేల్చేశాడు. కొయ్యాల్సింది ఆమె అన్నయ్య. ఆయనా జాయింటరే.

"కాస్త ఆగు అన్నయ్యా."

పొద్దుట్నుంచీ ఆగుతూనే ఉన్నానని విసుక్కుంటూ ఆయన రంపం ఆనించాడు.

అప్పుడు వినిపించింది — సన్నగా... గోడలోంచి వచ్చినట్టు... మూలుగు.

అంకె జరజరా పైకెక్కింది. మూలుగు ఆగింది. అంకె సున్నాకి పడిపోయింది.

ఆయన రంపం తీసేశాడు.

కేబుల్ వెంబడే వెళ్లారు. చివర తర్వాతెప్పుడో కట్టిన గోడ. ఇటుకలు ఊడగొడితే... అవతల పక్క భవనం నేలమాళిగ. అక్కడివాళ్లు దొంగచాటుగా తమ స్విచ్ నుంచి ఈ కేబుల్‌కి కరెంటు ఎక్కించి, రెండో చివర గుంటలో పంపు నడుపుకుంటున్నారు. నీళ్లు చేరితే పంపు దానంతటదే తిరుగుతుంది. ఇన్నాళ్ల మూలుగు దానిది.

ఇంత చిన్న సంగతికా నేనిన్ని రోజులు మాటలు పడ్డాను, అనుకుని ఆమె పళ్లు కొరుక్కుంది. అన్నయ్య స్విచ్ ఆపి, తీగలు విప్పి గాల్లో వదిలేశాడు. రెండో చివరా పంపు నుంచి విడదీసి వచ్చాడు.

పట్టీ మళ్లీ ఆనించింది. సున్నా.

"ఇక కొయ్యి."

రంపం కేబుల్‌ని తాకింది. ఈసారి మూలుగు లేదు... పంపూ లేదు. అంకె మాత్రం మెల్లగా... మెల్లగా... పైకెక్కసాగింది.

అన్నయ్య రంపం సంచిలో పెట్టేశాడు. "పద చెల్లీ," అన్నాడు గుసగుసగా.

ఆ కేబుల్ ఇప్పటికీ అక్కడే ఉందట. సెన్సర్ తప్పు చూపిస్తోందని ఇప్పుడెవరూ ఆమెను అనరు. ఒక్కరైనా అంటే బాగుండునని ఆమెకుంది.