మారెక్క నాడి

ఇది చాలా చిన్న కథ. తిప్పేస్వామి కొత్త కంప్యూటర్ షెడ్డులో ఫ్యాన్లు వెయ్యనంది, అంతే. కానీ ఎందుకు వెయ్యనందో తెలియాలంటే ముందు మారెక్క చెయ్యి గురించి చెప్పాలి. ఆ ఊళ్లో ఏది మొదలుపెట్టినా ఆవిడ చెయ్యి పడాల్సిందే. బోరు లారీ తాళం ఆవిడే తిప్పాలి, కొత్త మిక్సీలో మొదటి పచ్చడి ఆవిడే రుబ్బాలి. ఒక పెళ్లికొడుకు గడ్డం గీయడం కూడా ఆవిడ చేతే మొదలుపెట్టించాడు. ఆ గాటు ఇప్పటికీ ఉంది. కాపురం మాత్రం బాగానే సాగుతోంది.

ఇక కంప్యూటర్. పాస్‌వర్డులు ఎప్పుడో పోయాయి. ఇంటి కంప్యూటర్లన్నిటికీ నాడి చిప్ వచ్చింది. మొదటిసారి ఆన్ చేసిన బొటనవేలు ఎవరిదైతే వాళ్లే అడ్మినిస్ట్రేటర్. ఆ తర్వాత వాళ్లు వేలు ఆనించినప్పుడల్లా చిప్ నాడి చూస్తుంది. మనిషి ఇష్టపడి ఒప్పుకుంటున్నాడా, ఎవరైనా కత్తి చూపించి ఒప్పిస్తున్నారా అని కనిపెడుతుంది. ఇష్టం లేదనిపిస్తే ఏ పనీ చెయ్యదు.

తిప్పేస్వామి విడిభాగాలు తెప్పించి, వీడియోలు చూసి, తనే కంప్యూటర్ బిగించాడు. మిగిలిపోయిన స్క్రూల గురించి ఎవరూ అడగలేదు. పట్టుపురుగుల షెడ్డులోని ఫ్యాన్లు, షట్టర్లు, నీటి తుంపర అన్నీ దానికే కలిపాడు. ఆన్ బటన్ మాత్రం మారెక్క చేత నొక్కించాడు.

అప్పటినుంచి అతనేం నొక్కినా తెర మీద ఒకటే మాట: "మీకు అనుమతి లేదు. అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి."

"నా ఇంట్లో నాకు అనుమతి లేదా?" అన్నాడు తిప్పేస్వామి.

"కొత్తగా చెప్తావేం?" అంది భార్య సన్నక్క.

షెడ్డు పెనంలా కాలుతోంది. పురుగులు మల్బరీ ఆకు ముట్టడం లేదు. షట్టర్లు పీకేద్దామంటే పురుగుల మీద గుడ్లు పెట్టే ఈగలు లోపలికొస్తాయి. ఈ పంట పోతే ఆ ఏడాదికి తిప్పేస్వామికి ఇంకో పంట లేదు.

మారెక్కను పిలిచారు. అధికారం తిప్పేస్వామికి ఇచ్చేస్తానంటూ ఆవిడ వేలు ఆనించింది.

"ఇష్టం లేదు," అంది తెర.

"నాకేం కోపం లేదప్పా," అంది మారెక్క. మళ్లీ ఆనించింది. మళ్లీ అదే మాట. తిప్పేస్వామి తెరను చూశాడు, మారెక్కను చూశాడు. ఎవరిని నమ్మాలో తెలియలేదు.

కంపెనీకి ఫోన్ చేస్తే, చిప్ తయారుచేసిన డాక్టర్ వైదేహి స్వయంగా వచ్చింది. "మాట అబద్ధమాడుతుంది, నాడి ఆడదు. ఆవిడ మనసులో ఏదో ఉంది. మీరేమైనా బాధపెట్టారా?"

సన్నక్క నేల చూసింది. "అక్కా, నీ ఇత్తడి బిందె పోయిందని ఊరంతా వెతికితివే. అది మా అటక మీదుంది."

"ఔనా?" అంది మారెక్క. వేలు ఆనించింది. "అస్సలు ఇష్టం లేదు," అంది తెర.

"ఇంకా ఉంది. చెప్పండి," అంది వైదేహి.

తిప్పేస్వామి గొంతు సవరించుకున్నాడు. "పోయినేడు మన గట్టు నీ పొలంలోకి జరిగింది కదక్కా..."

"వానకు జరిగిందంటివి."

"వానే. నేను కొంచెం సాయం చేశా."

చూడ్డానికొచ్చినవాళ్లు కూడా, ఎందుకైనా మంచిదని, తమవీ ఒప్పుకున్నారు. మారెక్క కోడిపుంజు కూర ఎంత రుచిగా ఉందో ముగ్గురు చెప్పారు. ఒక్కొక్కరు చెప్పేకొద్దీ తెర మరీ మొండికేసింది.

చివరికి వైదేహి తెర మీది గీతను దగ్గరగా చూసి, మారెక్క మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"ఇది కోపం కాదు. గుండె లయ తప్పింది. దాన్నే చిప్ అయిష్టం అనుకుంది."

"అంటే అక్కకి మా మీద కోపం లేదా మేడమ్?" అన్నాడు తిప్పేస్వామి.

"మొదట్లో లేదు," అంది వైదేహి.

మారెక్కను తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఈలోగా తిప్పేస్వామి, సన్నక్క షెడ్డు వాకిలికి తడి గోనెపట్టాలు వేలాడదీసి, చేటలతో విసురుతూ కూర్చున్నారు. పురుగులు కొన్ని పోయాయి, చాలావరకు నిలిచాయి. తప్పు ఒప్పుకుని తను మంచి చేశాడా చెడు చేశాడా అన్నది తిప్పేస్వామికి ఎంత విసిరినా తేలలేదు.

మారెక్క మాత్రలు వేసుకుని, తేరుకుని తిరిగొచ్చింది. ఊరంతా చుట్టూ నిలబడింది. ఆవిడ వేలు ఆనించింది. గీత ఈసారి నూలుపోగులా, ఎక్కడా తడబడకుండా సాగింది.

"ఇష్టం లేదు," అంది తెర.

"చూశారా, చిప్ ఇప్పుడు సరిగ్గా పనిచేస్తోంది," అంది వైదేహి సంతోషంగా.

తిప్పేస్వామి చేతులు జోడించాడు. "అక్కా, నామీద కోపమైతే నన్ను తిట్టు. పురుగులు చచ్చిపోతాయి."

"పురుగులు నన్నేం చేశాయప్పా," అంది మారెక్క.

పురుగుల తట్టలన్నీ ఎదురుగా ఉన్న తన మట్టిమిద్దెకు మోయించింది. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. మోసింది తిప్పేస్వామే. ఆకు కూడా అతని తోటలోంచే వెళ్లింది. పురుగులు కడుపునిండా తిని, మెరిసే గూళ్లు కట్టాయి.

గూళ్లు మారెక్క అమ్ముకుంది.